అడిగినవాళ్ళకే

రాజోలులో మా రౌటరు
కొబ్బరిపీచు గోదాం మేడమీద ఇనప బీరువాలో ఉంటుంది.
నరసాపురంలో వాళ్ళది
లేసు అల్లికల కొట్టు వెనక గదిలో.
మధ్యలో వశిష్ఠ.
చించినాడ వంతెనకింద పైపులోంచి
తలవెంట్రుకంత గాజుదారం
అవతలి ఒడ్డుకు వెళ్ళొస్తుంటుంది.

మా కంపెనీ వేరు, వాళ్ళ కంపెనీ వేరు.
మా స్తంభాలమీద వాళ్ళు తీగ లాగారని
కిందటేడు పోలీస్ స్టేషన్‌దాకా వెళ్ళాం.
ఈ శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర నీటి కొలబద్దకు ఎదురుగా
ఎవరో కెమెరా బిగించారు.
దాని బొమ్మ వాళ్ళ నెట్‌వర్కులోకి వస్తుంది.
చూడాల్సిన లంకలు మా నెట్‌వర్కులో ఉన్నాయి.

"ఇంటికో బొమ్మ చొప్పున పంపితే
తీగ ఊపిరాడక చస్తదండీ మంగతాయారుగారూ,"
ఫోనులో వెస్లీబాబు.
"ఆయ్, తెలుసండి," అన్నాను.
ఒక్కటే బొమ్మ బయల్దేరాలి.
దారి చీలినచోట మాత్రమే రెండవ్వాలి.
బోదె చీలినట్టు అందామంటే కుదరదు,
నీరు చీలితే సగమైపోతుంది.
ఇది చీలినా నిండుగానే ఉంటుంది.

దానికో చిరునామా పెట్టాం,
రెండువందల ముప్పైమూడుతో మొదలయ్యేది.
అందులో ఎవరూ కాపురముండరు.
వినాలనుకున్నవాళ్ళు
కాసేపు ఆ పేరుకి పలుకుతారు, అంతే.

వాళ్ళకో కలిసేచోటు, మాకో కలిసేచోటు.
ఆ రెంటికీ పరిచయం చెయ్యడం ఈ రాత్రి మా పని.
పరిచయమంటే పెద్దగా ఏం లేదు,
ఆరువందల ముప్పైతొమ్మిదో తలుపు తీసి
నిమిషానికోసారి
"మా ఒడ్డున ఒకడు మాట్లాడుతున్నాడు" అనడం.
ఏం మాట్లాడుతున్నాడో కావాలంటే
మీరే అడగాలి.

పదకొండుంపావుకి స్నేహం కుదిరిందంది తెర.
పన్నెండున్నరైనా బొమ్మ లేదు.
కబురు వస్తూనే ఉంది,
మా రౌటరు తీసి పారేస్తూనే ఉంది.

పట్టీ మొత్తం చదివాక తెలిసింది.
కబురులో సంతకం ఒకరిది,
తెచ్చిన చెయ్యి ఇంకొకరిది.
వెస్లీబాబు వంతెన తీగ కొసనున్న అంకె చెప్పాడు నాకు.
వాళ్ళ కలిసేచోటు అసలు పేరు అది కాదు.
రాజమండ్రి వైపునుంచి నాకింకో స్నేహం ఉంది కదా,
ఎవరి మాట ఎటునుంచి రావాలో యంత్రానికి మహా పట్టింపు.
పట్టింపు లేకపోతే
ఒకే కబురు చుట్టూ తిరిగి తిరిగి
వరదకన్నా ముందు అదే ముంచుతుంది.

దానిమీద నాకు కోపం రాలేదు.
మూడేళ్ళ కిందట గట్టు తెగిందని ఎవరో అరిస్తే
మా వీధివీధంతా అర్ధరాత్రి పడవెక్కింది.
గట్టు తెగలేదు.
అరిచిందెవరో ఇప్పటికీ తెలీదు.

"లూప్‌బ్యాక్ అంకె చెప్పండి," అన్నాను.
ఏ తీగకూ కట్టని పేరు అది,
ఏ తీగ తెగినా చావని పేరు.
అతను చదివాడు, నేను కొట్టాను.
నేను చదివాను, అతను కొట్టాడు.
ఇద్దరం రెండోసారి చదువుకున్నాం,
సంబంధం మాట్లాడేవేళ ఇంటిపేర్లు అడిగినట్టు.

పట్టీలో ఒక వరుస మొలిచింది.
బొమ్మ ఇంకా లేదు.
ఈసారి తప్పేం లేదు,
ఎవరూ అడగలేదంతే.

ఒంటిగంటా ఇరవైకి
ఏదో లంకలో
(పెట్టె నంబరు కనిపిస్తుంది నాకు, మనిషి కనపడడు)
అరటితోట అవతల ఎవరో నిద్రపట్టక
బటన్ నొక్కారు.
"నాకు కావాలి" అన్న ఆ ఒక్క మాట
స్తంభం స్తంభం దాటి మా బీరువా ఎక్కి
వంతెనకింద ఏరు దాటి వెళ్ళింది.
అదే దారిన వెనక్కి
వానచుక్కల అద్దం, లైటు వెలుగు, తెల్లగీతలు,
పదమూడూ ముప్పావుని నాకుతున్న ఎర్రనీళ్ళు.

తరవాత రెండిళ్ళు, పదకొండు, నూటనలభై.
ఏరు దాటుతున్నది మాత్రం ఒక్కటే.

వెస్లీబాబు ఆవలించాడు.
"స్తంభాల గొడవ ఎల్లుండి చూసుకుందామండి."
ఫోను పెట్టేసి కిటికీ తీశాను.
చీకట్లో వశిష్ఠ చప్పుడు.
దానికి గుంపు లేదు, తలుపు లేదు.
అడగనివాళ్ళ గడపకీ వస్తుంది.