పేషెంటు పేరు: బిజిలీ

పొగతోటలో ఐదున్నరకి
మా ల్యాబు షట్టరు సగం లేచిందో లేదో
కిందనించి వంగి లోపలికొచ్చాడు సందానీ,
చంకలో టిఫిన్ క్యారియరు.
మూత తీస్తే ఐసు ముక్కలు,
వాటి నడుమ వేలెడంత గాజు గొట్టం.

"పేషెంటు పేరు?"
"బిజిలీ."
"వయసు?"
"పద్నాలుగు."
"ఆడా, మగా?"
"ఆడదే."
కంప్యూటరు తనంతట తనే కుమారి అని రాసుకుంది.
తండ్రి పేరు అడిగింది.
కాసేపు గోడ మీది క్యాలెండరు చూసి
"నాది రాయమ్మా" అన్నాడు.

అప్పుడు విప్పాను చీటీ.
పశువుల ఆస్పత్రి ముద్ర,
విశాలాక్షి డాక్టరుగారి కోడి కెలికిన రాత:
గుర్రం. ట్రోపోనిన్.

గుండె కండ కాస్త చిట్లితే చాలు
తనలో దాచుకున్నది నెత్తురులోకి జారవిడుస్తుంది.
రొయ్యల చెరువు పోయిన మర్నాడు
"గ్యాసేలే పాపా" అని నవ్విన కోడూరు పెద్దాయన్ని
ఇట్లాగే పట్టిచ్చింది ఈ మిషను.
ఆయనకి అబద్ధమాడను నోరన్నా ఉంది.

ఫోన్లో డాక్టరుగారు:
"ఊరికే నిలబడ్డ గుర్రానికి
ఒక దెబ్బ తప్పినా తప్పు కాదు,
నడిపిస్తే సర్దుకోవాల. ఇది సర్దుకోవడంలా.
మీ కాగితం మీద గీత మనుషులది,
దాన్ని నమ్మొద్దు. అంకె పంపు చాలు."

రాత్రి మాగుంట లేఅవుట్లో పెళ్ళంట.
డీజే బాక్సుల పక్కన మూడు గంటలు.
ఆఖరి మలుపులో
ముందుకాళ్ళు మడిచి కూలబడిందంట,
పెళ్ళికొడుకు తలపాగా కాలవలో పడిందని
కూలిలో రెండువేలు కోసుకున్నారంట.
తెల్లారుజామున వెంకటేశ్వరపురంలో
సెల్‌ఫోన్ వెలుగులో మెడ నరం వెతికారు,
పూసల జూలు ఇంకా విప్పనేలేదు.

మిషను తిరుగుతుండాది.
షుగరు పరీక్షకి పరగడుపునొచ్చినోళ్ళ మధ్య
బల్ల కొసన కూర్చుని, ఎవరితోనో కాదన్నట్టు:
"మా తాత స్టేషను కాడ జట్కా తోలేవాడు.
గుర్రం ఆయాసపడితే
ఎడం మోచేయి వెనక చెవి ఆనించి
ఈ పూట బండి కట్టాల్నో వద్దో చెప్పేవాడంట.
నేనూ ఆనించానమ్మా రాత్రి.
బాక్సుల మోత చెవుల్లోంచి పోలా.
ఏం వినబళ్ళా."

అంకె వచ్చింది.
మనుషుల గీతకి చాలా పైన.
ఫోన్లో చదివాను. అవతల ఊపిరి ఒక్కటే.
"మూడు నెలలు కళ్ళెం ముట్టుకోవద్దను.
వారానికి మళ్ళీ నెత్తురు."

చెప్పాను. తలూపాడు.
బిల్లు పన్నెండొందలు.
జేబులోంచి తీసినవన్నీ పది నోట్లు,
పెళ్ళికొడుకు తల చుట్టూ తిప్పి విసిరినవి,
కుంకుమ అంటినవి, తొక్కిన మడతలవి.
లెక్కపెడుతుంటే ఫోను మోగింది.
"కావలా? ఆదివారమా?
లేదన్నా, బిజిలీకి కుదర్దు.
కారు చూసుకోండి."
లెక్క తప్పి, మళ్ళీ మొదట్నించి.

అతను పోయాక
కంప్యూటర్లో కుమారి తీసేద్దామనుకున్నా.
తీశాను కూడా.
తండ్రి పేరు దగ్గర చెయ్యి ఆగింది.

అద్దంలోంచి చూస్తే
కరిగిన ఐసు నీళ్ళు రోడ్డు వార పారబోసి
క్యారియరు చొక్కాతో తుడుచుకుంటున్నాడు,
వచ్చే వారానికి.