దూది కళ్ళ నేల నెమలి

మే నెల. గాలి అటు తిరిగితే చాలు
యార్డు నుంచి మిరప ఘాటు మ్యూజియం గదిలోకి వస్తుంది.
సొరుగు తియ్యకముందే తుమ్మింది ఆ పిల్ల.
హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చింది, పేరు కరుణమేరి.
పుట్టింది ఇక్కడే, గుంటూరు కొత్తపేటలోనేనంట,
ముక్కు మరిచిపోయినట్టుంది.

మూడో సొరుగు బిగుసుకుపోతుంది. కాస్త ఎత్తి లాగాలి.
ఆ కిటుకు నాకొక్కడికే తెలుసు.
అటెండరు ఉద్యోగంలో నేను వెనకేసిన ఆస్తి అదే.

లోపల వెల్లకిలా నేల నెమలి.
కాళ్ళు కట్టేసి, కళ్ళల్లో దూది.
కాలికి చీటీ:
నరసరావుపేట దారి, జొన్నచేను గట్టు,
1931 ఆగస్టు, మగది.
కింద, కాల్చిన దొర సంతకం, తోకలా సాగి.
కుట్టినవాడి పేరు లేదు.

కుట్టింది మా తాత బుడేసాయిబు.
పాత గుంటూరులో పరుపులకి దూది ఏకేవాడు.
"మెత్తగా కూరే చెయ్యి కావాలి" అని బంట్రోతు వస్తే వెళ్ళాడు.
పిట్టకి అణా, పెద్ద పిట్టకి రెండణాలు.
నెమలన్నారు కదాని రెండడిగితే
"నేల నెమలంటే కోడంతే" అని ఒకటే చేతిలో పెట్టారట.
ఆ అణా బాకీ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

కరుణమేరి చేతికి తొడుగులు వేసుకుంది.
"పాషాణం పూసుంటారండీ, ముట్టుకోకండి."
ముప్పై ఏళ్ళుగా ఉత్త చేతుల్తో దులుపుతున్నానని చెప్పలేదు.
తాత గోళ్ళ మీద అడ్డంగా తెల్లచారలుండేవనీ చెప్పలేదు.

పాదం అడుగున, మెత్తటి చోట
నూకగింజంత ముక్క కోసింది.
ఇంతేనా, అన్నాను.
"ఇదే ఎక్కువండీ. లోపలి రాత చిరిగి పేలికలై ఉంటుంది,
ఏరుకుని, అంచుకి అంచు పెట్టి చదవాలి."
బతికున్నవి ఎక్కడో పడమటి గడ్డినేలల్లో ఉన్నాయన్నావు గదమ్మా,
వాటి రాత చదవరాదూ?
బ్లేడు పక్కన పెట్టి కాసేపు ఆగింది.
"మీ వీధిలో ఒకప్పుడు ఎన్ని ఇంటిపేర్లుండేవో
మిగిలిన రెండిళ్ళవాళ్ళని అడిగితే తెలుస్తుందా?"

తెలీదు.
మా వీధిలో విల్లు పట్టి దూది ఏకిన ఇళ్ళు
ఎన్నో నాకే తెలీదు.

వానలు వెనకబట్టాక ఫోను చేసింది.
"మీ నెమలి తల్లివైపు పాయ ఇప్పుడెక్కడా లేదండీ."
వెంటనే సర్దుకుంది, "ఎక్కడా అంటే, మేం చూసినవాటిలో.
గడ్డి దున్నేశాక ఎక్కడో ఆగిపోయుంటుంది.
అలాంటిదొకటి ఉండేదని తెలిసింది మాత్రం మీ సొరుగు వల్లే."
మా సొరుగు.
ఆ మాట నాకు జీతం పెరిగినంత పని చేసింది.

పెట్టేసేముందు నవ్వింది.
"అందులో కాస్త మనిషిదీ కలిసిందండీ.
మలినం అంటాం. ఏరి పారేశాం."

స్టూలు మీద కూర్చుండిపోయాను.
ఆమెదే కావచ్చు, ఆ రోజు తుమ్ము.
నాదీ కావచ్చు, ముప్పై ఏళ్ళ దులుపుడు.
కానీ సూదిలోకి ఎక్కించే ముందు
తాత దారాన్ని ప్రతిసారీ నోట్లో తడిపేవాడు,
మా నాన్న ఆ చప్పుడు చేసి చూపించేవాడు.
ఫోను చేసి చెబితే
పాపం ఆ పిల్ల ఏ గడిలో రాసుకుంటుంది?

కాస్త ఎత్తి, లాగాను.
చీటీ వెనక్కి తిప్పితే ఖాళీ.
జేబులో పెన్నుంది. రూలు ఒప్పుకోదు.
ఎగిరెగిరి గడ్డి మీంచి కనపడేదట ఇది వానల్లో,
పెట్ట చూడాలని.
ఎడమ కంట్లో దూది కాస్త పైకి తేలింది.
తొంభై ఏళ్ళ కిందటి పత్తి, ఇంకా తెల్లగానే ఉంది.
తొడుగులు బల్ల మీద వదిలి వెళ్ళింది నాకోసం.
ఉత్త వేలితోనే
లోపలికి నొక్కాను.