ఇరవై రెండో గుమ్మం

మార్కాపురంలో, పలకల షెడ్డు మీద నా గది.
మంచం కిందా, మెట్ల మీదా నల్లటి రాతిపొడి.
తుడిచినా మళ్ళీ వస్తుంది,
లాప్‌టాప్ మీటల సందుల్లోకి కూడా.

రాత్రి పదకొండుకి ఒక మిషన్‌ని పుట్టించాను
ముంబైలో ఎక్కడో, నేనెన్నడూ చూడని గదిలో.
పేరు లేదు. పన్నెండు నిమిషాల ఆయుష్షు.
లోపలికి వెళ్ళాలి, సామాన్లు సర్దాలి,
అచ్చు తీసుకోవాలి, చంపెయ్యాలి.
ఆ అచ్చులోంచి రేపు నలభై లేస్తాయి,
నెల్లూరు రొయ్యల కంపెనీ లెక్కలు చూడ్డానికి.

తాళంచెవి ఈ పూటకే చేయించింది.
గుమ్మం నంబరు ఇరవై రెండు.
తట్టాను.
"ఎస్.ఎస్.హెచ్. కోసం ఎదురుచూస్తున్నాం"
అంది తెర.
మన ఇద్దరమేగా ఉన్నది, అంత బహువచనమెందుకు?

కింద కాశింపీరా ఇంకా పడుకోలేదు.
బడులు తెరిచేలోపు గిద్దలూరికి ఆరొందల పలకలు పోవాలట.
రాతిపొరని ఉలితో లేపుతాడు,
వేలి కణుపుతో కొట్టి చెవి ఆనిస్తాడు.
"కంగుమంటే పలకమ్మా, బొద్దుమంటే గోడకి."
అటూ ఇటూ కాకపోతే?
"మళ్ళీ కొడతా. మూడుసార్లు.
ఆపైన రాయికీ నాకూ దండగ."

నేనూ అయిదు నిమిషాల గడువిచ్చాను.
మిషన్ లేవాలి కదా,
కళ్ళు నులుముకోవాలి, డిస్కు వెతుక్కోవాలి,
తన అడ్రసేదో తను తెలుసుకోవాలి.
లేవకముందే తట్టేసి
ఎవరూ లేరని తిరిగొస్తే తప్పు నాదే.

అయిదయ్యాయి. టైమౌట్.
గడువు తీరితే ఆ మిషన్
నా ముఖం చూడకుండానే పోతుంది.
రెండోదానికి పది ఇచ్చాను. అదీ పోయింది.
యూజర్ పేరు చూశాను, సరిగానే ఉంది.
తాళంచెవి, అదీ సరిగానే ఉంది.
మూడోది ఎదురుచూస్తుంటే
ఒంగోలులో మాలకొండయ్య సార్‌ని నిద్రలేపాను.

"తాళంచెవి తప్పయితే తిడుతుందమ్మా.
తిట్టు కూడా రాలేదంటే
నువ్వసలు గుమ్మం దాకా చేరలేదు.
దారిలో ఎవడో ఆపాడు.
ఎక్కడి నుంచి వస్తున్నావో చూసుకో."

ఎక్కడి నుంచి రావడమేంటి,
ఇదే గది, ఇదే మంచం, ఇదే పొడి...
అప్పుడు తట్టింది.
పదిన్నరకి కరెంటు పోయింది.
వైఫై చచ్చింది. ఫోన్ నెట్టుకి మారాను.
కరెంటొచ్చింది, నేను మాత్రం మారలేదు.
మంచం దిగకుండానే ఊరు దాటిపోయాను.
ఫైర్‌వాల్ చేతికి నేనిచ్చిన చీటీలో
వైఫై అడ్రసే ఉంది,
"ఈవిడ తప్ప ఎవరొచ్చినా పంపొద్దు" అని, నా రాతే.
పాపం, వాడు మాట మీద నిలబడ్డాడు.

చీటీ దిద్దాను.
నాలుగోది పుట్టింది.
ఎదురుచూస్తున్నాం.
ఎదురుచూస్తున్నాం.
కలిసింది.
చప్పుడేం లేదు. అయినా చెవి అటే పెట్టాను.

లోపల పనంతా దానంతటదే జరిగిపోతుంది,
నేను టీ కూడా పెట్టుకోవచ్చు.
ఒక్కటి మాత్రం మరవకూడదు:
అచ్చు తీసేముందు నా తాళంచెవి గుర్తు చెరిపెయ్యాలి.
లేదంటే నలభై ఇళ్ళకీ ఒకే తాళంచెవి,
అదీ నా దగ్గర.
బొగ్గూ గుంటగలగరాకూ నూరి
ఎంత రుద్దినా చిన్నప్పటి పలక మీద
ఎండ ఏటవాలుగా పడితే "అ" మెలిక కనపడేది.
అలా కనపడితే ముద్దొచ్చేది అప్పుడు.
ఇప్పుడైతే ఉద్యోగం పోతుంది.

పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
మిషన్ పోయింది. అచ్చు మిగిలింది.
విండోస్‌దానికి గుమ్మం వేరు,
అయిదువేల తొమ్మిదివందల ఎనభై ఆరు.
దాని గొడవ రేపు.

లైటార్పాను.
కింద ఇంకా కొడుతున్నాడు.
ఒకటి.
రెండు.
మూడోదాని కోసం ఊపిరి బిగబట్టాను.