ఆగేది

గుజరాతీ గల్లీలో మా షాపు మూడు మెట్ల కింద.
వానొస్తే కోఠీలో ముందు మాకే తెలుస్తుంది.

బొల్లారం నుంచి ఆటోలో
దుప్పటి చుట్టి తెచ్చింది చంద్రకళమ్మ, పాత కలర్ టీవీ.
"బొమ్మ వస్తది. రంగులే గీతలు గీతలు."
ఎన్నాళ్ళ నుంచి అంటే
వేళ్ళ మీద లెక్కేసి, చెప్పకుండా ఊరుకుంది.

వెనక డొప్ప విప్పాను.
ముప్పయ్యేళ్ళ దుమ్ము, ఒక బొద్దింక రెక్క, మాడిన బెల్లం వాసన.
రబ్బరు టోపీ కింద స్క్రూడ్రైవర్ దూర్చి చార్జి దించితే
టప్‌మంది.
ఊరుకున్నది కూడా కరుస్తుంది.

తెలిసినవి తెలిసినట్టే ఉన్నాయి:
చారల గింజ, గోధుమ, నలుపు, ఎరుపు, అంటే వెయ్యి;
పూరీలా తల పొంగిన కెపాసిటర్;
వాటి మధ్య
అగ్గిపెట్టెలో సగం మందం, చాక్లెట్ రంగు డబ్బా.
నాలుగు కాళ్ళు. నంబరు చెరిగిపోయింది.
మీటరు పెడితే ఉలకదు,
ఈ కాలుకూ ఆ కాలుకూ చుట్టరికమే లేనట్టు.
టంకం పీలుస్తుంటే ఒక కాలు దానంతటదే ఊడొచ్చింది.
అప్పుడు పట్టించుకోలేదు.

జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ల పిల్లలు
దాన్ని ఫోటో తీసుకున్నారు, అంతే.

యాకుత్‌పురాలో ముక్తార్ సాబ్,
నాకు టంకం పట్టడం నేర్పినాయన.
శుక్లాలు తీసిన కళ్ళు. చూడనే లేదు,
అరచేతిలో వేసుకుని పాత చిల్లరలా బరువు చూశాడు.
"కాంచ్ హై. లోపల గాజు."

చాసిస్‌కు తగిలి పగులుతాయని
నేను చేతి గాజులు తీసి ఎనిమిదేళ్ళు.
"ఏమైందమ్మా" అనేవాళ్ళకు జవాబు చెప్పడం మానేశాను.
"గాజేం చేస్తది సాబ్, టీవీలో?"

"ఆగుతది."

చాయ్ సాసర్లో పోసుకుంటూ చెప్పాడు:
బొమ్మంటే గీత కింద గీత గదా.
ఒక గీత రంగు దీంట్లకొస్తే చప్పుడైతది,
మనకు ఇనరాని చప్పుడు.
గాజు గోడలకు కొట్టుకొని కొట్టుకొని
అవతలి కాలు కాడ మళ్ళ కరెంటైతది.
అంతల కింది గీత వస్తది.
రెండు కలిస్తెనే సరైన రంగు.
లేకుంటె ఒక గీత పచ్చగ, ఒక గీత ఎర్రగ,
తన్నుకుంటనే ఉంటయి.

"ఎంతసేపు ఆగుతది?"
చిటికె వేయబోయి వేళ్ళు ఆపాడు.
"చిటికె చానా పెద్దది బేటా."

డబ్బాకు ఏ జబ్బూ లేదు.
ఊడొచ్చిన ఆ కాలు దగ్గరే
టంకం చుట్టూ వెంట్రుకంత పగులు, భూతద్దంలో.
ముందే చూసి ఉంటే
యాకుత్‌పురా దాకా పోయేదాన్ని కాదు.

నోటుబుక్కులో దాని బొమ్మ గీశాను.
పేరు రాసే గడిలో పేరు రాయలేదు, పని రాశాను.
బిల్లులో: టంకం, ఒక కాలు. కెపాసిటర్ ఒకటి. నాలుగు వందలు.

సెట్‌టాప్ బాక్సు తగిలించి ఆన్ చేశాను.
ఎవరో వంట చేస్తున్నారు.
చంద్రకళమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని
నాకు కాదు, టీవీకే చెప్పింది:
"ఆఁ, వంకాయ."