కిటికీకి దుప్పటి

ఇవాలోలో సూర్యుడు డిసెంబరు మొదట్లో వెళ్ళిపోతాడు.
జనవరి రెండో వారం దాకా ముఖం చూపించడు.
సరిగ్గా ఆయన వెళ్ళిన వారమే తెచ్చుకున్నాం
ఎండ లేనిదే బతకని ప్రాణిని.

రొవనియెమి నుంచి మూడు వందల కిలోమీటర్లు.
బయట మైనస్ ఇరవై ఏడు.
ఇల్మా చలికోటు లోపల చిల్లులు పెట్టిన డబ్బా.
మూత తియ్యొద్దన్నాను, అందుకే దారి పొడవునా ఒకటే ప్రశ్న:
"ఊపిరి ఆడుతోందా నాన్నా?"
మంచు తోసే బండి నడపడం నా ఉద్యోగం.
ఈ రోడ్డు మీద ప్రతి మలుపూ నాకు చుట్టమే.
ఆ రోజు మాత్రం
నిన్ననే లైసెన్సు వచ్చినవాడిలా నడిపాను.

ఇల్లు ముందే కట్టాం.
అద్దాల తొట్టి పనికిరాదు, గాలి ఆడాలి.
వలల కొట్లో మిగిలిన సన్న జాలీ ఇచ్చి
డబ్బు తీసుకోలేదు ఓయివా తాత,
"బల్లికి మేడ కడుతున్నారన్నమాట" అని మాత్రం నవ్వాడు.
నాలుగడుగుల మేడ. దాన్ని బల్ల మీదికి ఎక్కించాం,
పైనుంచి చూసేది ఏదైనా దాని కంటికి గద్దే కాబట్టి.
ఫైకస్ మొక్కని ఆకు ఆకూ కడిగింది ఇల్మా,
అన్నం తిన్న కంచం ఎన్నడూ కడగని పిల్ల.
పైన రెండు దీపాలు.
ఒకటి ఒంటి వెచ్చదనానికి, ఒకటి ఎముకలకి.
ఆ రెండోదాని వెలుగు మన కంటికి తెలియదట,
ధర మాత్రం తెలిసింది.

గిన్నెలో నీళ్ళు పెడితే తిరిగి చూడదు.
ఆకు చివర వణికే చుక్క అయితేనే నీరు.
పాత పెరుగు డబ్బాకి సూదితో బెజ్జం వేశాం.
ఊరంతా గడ్డకట్టిన కాలంలో
మా వంటింటి మూల
జానెడు మేర వాన.

కీచురాళ్ళు మంగళవారం బస్సులో వచ్చేవి.
కాల్షియం పొడిలో దొర్లించి వదిలితే
పిండిమర కూలీల్లా తెల్లగా తిరిగేవి.

పేరు ఇల్మాయే పెట్టింది. కెసా.
మా భాషలో వేసవి.

వేసవి తినలేదు.
ప్రయాణం బడలిక అనుకున్నాం. ఐదో రోజు, ఆరో రోజు.
పచ్చదనమంతా పోయి
అడుగంటిన మూకుడు రంగుకి దిగింది.
రంగులు మార్చే మనిషిని దీని పేరు పెట్టి తిడతారు గానీ
దీనికి దాచుకోవడమే చేతకాదు.
చలేస్తే చలి, కోపమొస్తే కోపం, తోలు మీదే.
"బాగానే ఉన్నాను" అనే రంగు దాని దగ్గర లేదు.
ఇల్మా వాళ్ళమ్మ టుర్కు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా
నేను వేసుకునేది అదే.

తొమ్మిదో రాత్రి డ్యూటీ దిగి వచ్చాను.
ఉదయం ఎనిమిది, బయట ఇంకా అర్ధరాత్రే.
బూట్లు విప్పుతూ తలెత్తితే
కిటికీ నల్లగాజులో అచ్చంగా మా వంటిల్లు.
అందులో నాలాంటివాడొకడు, గడ్డం నిండా మంచు.
వాడి వెనక పంజరం. పంజరంలో
ఒళ్ళు పలకలా చేసుకుని ఊగుతున్న
మరో ఊసరవెల్లి.

తొమ్మిది రోజులుగా వాడితోనే పోరు.
శత్రువు గుమ్మంలో నిలబడితే
ఎవడికి ముద్ద దిగుతుంది?

నా మంచం మీది దుప్పటి లాగి
నాలుగు మేకులతో కిటికీకి కొట్టేశాను.

మధ్యాహ్నం బడి నుంచి వస్తూనే ఇల్మా
"వెలుతురు ఎందుకు మూసేశావ్?" అంది.
ఏ వెలుతురు, అనబోయి ఆగాను.
కెసా ఒక అడుగు వేసి, వెనక్కి ఊగి, మళ్ళీ వేసి,
నేను గాలికి కదిలే ఆకుని, నమ్మండి, అంటూ
రెండు కళ్ళూ ఒకే వైపు తిప్పింది.
తర్వాతది మేం చూడలేదు.
టప్‌మని చప్పుడు.
కీచురాయి ఉన్న చోట కీచురాయి లేదు,
దాని మూతి మీద కాస్త తెల్లపొడి.

ఇల్మా అరవలేదు.
రెండు చేతులతో నోరు మూసుకుని
కళ్ళతోనే గంతులేసింది.

ఇప్పుడు చలికోటు కప్పుకుని పడుకుంటున్నాను.
తప్పించుకున్న కీచురాయి ఒకటి ఫ్రిజ్ వెనక చేరింది,
పట్టుకోనివ్వదు ఇల్మా.
జనవరి నడిరాత్రి అది గొంతెత్తితే
ఓయివా తాతకి ఫోన్లో వినిపించాం.
చాలాసేపు విన్నాడు.
గొంతు సవరించుకుని,
ఫ్రిజ్ బాగుచేయించమన్నాడు.