లీటరుకు పదమూడు పాయింట్ ఆరు

హెణ్ణూరు బంకులో
నాజిల్ టక్కుమని ఆగినాక ఇంకొక్క చుక్క పోయనీను.
అదే బంకు, అదే పంపు,
బండి అదే వాలులో నిలబడాల.
రెండు నింపుళ్ల మధ్య తిరిగిన కిలోమీటర్లను
పట్టిన లీటర్లతో భాగిస్తే
పదమూడు పాయింట్ ఆరు.

పదహారేళ్ల డీజిల్ బండి.
రెండు లక్షలు దాటినాక
మీటరే విసుగొచ్చి వారం రోజులు ఆగి
మళ్లా తనే కదిలింది.
పొద్దున్నే స్టార్ట్ చేస్తే
పై వాటా వాళ్లు కిటికీ మూస్తారు.
"అమ్మేయన్నా" అంటాడు ఎర్రిస్వామి,
సీటు ఇంకొంచెం వెనక్కి వాల్చుకుంటూ.

లింగరాజపురంలో రైలు పట్టాల పక్కన
జబీవుల్లా షెడ్డు.
ఆయన ముందే బానెట్ ఎత్తడు.
బండిని న్యూట్రల్‌లో పెట్టించి
తుంటితో ఒక్క తోపు తోశాడు.
కదల్లేదు.
"ఇంజన్ని తిట్టొద్దు మేస్త్రీ,
వెనక ఎడమ చక్రానికి బ్రేకు పట్టేసుంది.
నువ్వు పరిగెత్తమంటావు,
అది నీ చొక్కా పట్టి లాగుతుంది."

టైర్లలో ముప్ఫైరెండు ఉండాల్సిన గాలి
ఇరవైనాలుగు.
ప్రతివారం చూస్తానని చెప్పబోయి ఊరుకున్నా.
నాలుగు ఇంజెక్టర్లలో ఒకటి
పిచికారీ కొట్టడం మరిచి
పంటి నొప్పోడు ఉమ్మినట్టు కారుస్తాందంట.
ఎయిర్ ఫిల్టర్ నేలకేసి కొడితే రాలింది
నేను కోసిన టైళ్ల దుమ్మే,
తెల్లగా, జల్లించిన పిండి మాదిరి.
యలహంక వాళ్ల బాత్రూము, వైట్‌ఫీల్డ్ వాళ్ల వంటిల్లు
బండి ఊపిరితిత్తుల్లో.
నా ఊపిరితిత్తుల మాట ఆయన అడగలేదు.
నేనూ ఎత్తలేదు.

తర్వాత పక్కసీట్లో కూర్చుని
హెబ్బాళ దాకా పోనివ్వమన్నాడు.
రోడ్డు చూడలేదు, నా ఎడమకాలు చూశాడు.
"అది క్లచ్చా, ముక్కాలి పీటా?"
ఇంకొంత దూరం పోయినాక,
"ఎదురుగా ఎర్రలైటు కనబడతానే ఉంది కదా,
దాని దగ్గరికి చేరడానికి
అంత తొందరేం?"

తిరిగొచ్చినాక డిక్కీ తెరిచాడు.
తెరిచి నా మొహం చూశాడు.

పని ముగిసిన ప్రతి ఇంటి నుంచి
రెండు టైళ్లు తెచ్చి దాస్తా.
రేపు ఒకటి పగిలితే ఆ షేడు మళ్లా దొరకదు.
పదకొండేళ్ల ఇళ్లు,
గోనెపట్టల నడుమ నిలువుగా.
ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు.
పగల్లేదో,
పగిలితే ఇంకో మేస్త్రీని పిలుచుకున్నారో.

పక్కన గుజిరీ తూకం మీద
ఎనభై మూడు కిలోలు.
అంటే ఒక మనిషి.
కడుపునిండా తిని కూర్చున్న మనిషిని
టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో, ఫ్లైఓవర్ల మీద
పైసా అడక్కుండా
ఇన్నేళ్లూ తిప్పినానన్నమాట.

"గుజిరీకి వేసేదెందుకన్నా, నాకియ్యి" అన్నాడు ఎర్రిస్వామి.
బాబుసాపాళ్యలో వాడిది అద్దె గది,
పెచ్చులూడిన సిమెంటు గచ్చు.
ఆదివారం ఇద్దరమే కూర్చుని పరిచినాం.
ఎవరో డాక్టరు గారి దంతం రంగు,
దాని పక్కన ఒక నీలం,
ఒక స్కూలు మెట్ల గరుకు,
పూజగదికని కొన్న తామరపువ్వు సగం.
ఏదీ దేనికీ పొందదు.
మట్టం మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు.
వాడి చిన్న కూతురు
నీలం మీంచి నీలం మీదికే దూకుతా
సాయంత్రం దాకా తిరిగింది.

ఓనరమ్మ వచ్చింది. చెప్పులిప్పి చూసింది.
"చానా బాగుంది" అనింది.
వచ్చే నెల నుంచి ఏడొందలు పెంచింది.

ఈసారి హెణ్ణూరు బంకులో
పదిహేడు పాయింట్ రెండు.
నమ్మకం చాలక ఫోన్లో ఇంకోసారి భాగించినా.
నెలకు పదిహేను లీటర్లు మిగులు.
అందులో ఎనిమిది లీటర్ల డబ్బు
వాడి జీతం కవర్లో పెడతాండా.

పుస్తకంలో మటుకు
బండి ఖర్చు కిందే రాసుకుంటా.