నాలుగో కన్నం

కంపెనీ బిగించి పంపిన ముల్లు చెడ్డదేం కాదు.
మరీ మంచిది.
లోపల ఏం ఉడికిపోతున్నా
మధ్యలోనే పడుకుని
"ఇక్కడ అందరం క్షేమం" అని రాసే రకం.

పోయిన కత్తిరి ఎండల్లో
కత్తిపారా వంతెన ఎక్కుతున్నాను.
వెనక సీట్లో పద్దెనిమిది క్యారియర్లు,
సాంబారు చల్లారేలోగా గిండీ చేరాలి.
అప్పుడు వెలిగింది ఎర్రదీపం.
అది హెచ్చరిక కాదు, తీర్పు.
విచారణ ఎప్పుడు జరిగిందో
నాకెవరూ చెప్పలేదు.
హెడ్ గాస్కెట్టుకు పోసిన డబ్బుతో
మెస్సుకు కొత్త గ్రైండరు వచ్చేది.

కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుని బతికేదాన్ని,
ఆవిరి వాసన చూసి
ఇడ్లీ మధ్యలో పచ్చిగా ఉందో లేదో చెప్పేదాన్ని,
ఈ ఎస్టీమ్ కడుపులో ఏముందో ఎరగకుండా
పదకొండేళ్ళు నడిపాను.

అందుకే పుదుపేట.
సందుకు రెండు వైపులా
ఊడదీసిన తలుపులు, బంపర్లు,
ఎవరెవరి చేతులు పట్టి వదిలేసినవో, స్టీరింగులు.
చెంగల్రాయుడిది నాలుగు తరాలుగా ఈ ఊరే.
ఒత్తులు అరిగిపోయిన తెలుగు,
మధ్యలో తమిళం అతుకులు.
"ఆయిలు ప్రెషరు, నీళ్ళ వేడి, వోల్టు.
మూడు ముళ్ళు ఏసేద్దామ్మా" అన్నాడు.
నాకు ఒకసారి పడ్డాయిలే, నిలవలేదు,
ఇవైనా నిజం చెబితే చాలన్నాను.
అతను నవ్వలేదు.
చెవి మీది పెన్సిలు తీసి
డాష్‌బోర్డు మీద సున్నాలు చుట్టాడు.

యాభైరెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంపం.
కాలిన ప్లాస్టిక్ వాసన.
నా చీర మీద
నల్లటి కొబ్బరి తురుములా రాలిన పొట్టు.
ఒకటి. రెండు.
మూడోది నేర్చుకుంటాడని ఇలియాస్ చేతికిచ్చాడు.
కొత్తగా చేరిన కుర్రాడు, గట్టిగా ఊపిరి బిగబట్టి
రెండు వేళ్ళు కిందికి కోశాడు.
వెనకాల ఏసీ గొట్టం అడ్డం. అక్కడ మీటరు కూర్చోదు.

రంపం ఆగాక
సందులో సుత్తుల చప్పుడు మళ్ళీ వినపడింది.
చెంగల్రాయుడు ఏమీ అనకుండా రంపం అందుకుని
నాలుగోది కోశాడు.
కూలిలో రెండొందలు తగ్గిస్తానన్నాడు.
నేను మూడు టీలు చెప్పాను,
ఒకదాంట్లో చక్కెర ఎక్కువ.

ఇంజిన్ పక్కన పాత స్విచ్చి విప్పి
ఇత్తడి ముక్క బిగించాడు, మరలకు తెల్ల టేపు చుట్టి.
వైర్లు రబ్బరు కంట్లోంచి లోపలికి దూరాయి.
తాళం తిప్పాను.
మూడు ముళ్ళూ లేచాయి కానీ
ఆయిలుది చలిజ్వరం పట్టినట్టు వణుకు.
ఇంజినే పోయిందనుకున్నాను.
అతను వంగి, టార్చి నోట కరచుకుని,
నల్ల వైరు కొస పట్టుకున్నాడు.
ఎర్తు. రంగు మీద బిగించారు.
గరుకు కాగితంతో
ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, మళ్ళీ బిగించాడు.
"పెయింటు మీద ఏదీ నిలవదమ్మా. ఇనుము తగలాల."
ముల్లు నిలబడింది.

ఇప్పుడు సైదాపేట సిగ్నల్లో
నేను లైటు వైపు చూడను.
తొంభై. తొంభై మూడు.
తొంభై ఆరుకి ఏసీ కట్టేస్తాను,
ఫ్యాను తిరుగుతుంది, ముల్లు దిగుతుంది,
నేనూ కాస్త దిగుతాను.
భయం తగ్గిందని చెప్పను.
దానికి అంకెలు వచ్చాయి, అంతే.
రాత్రిపూట తిరిగొస్తుంటే
ఖాళీ క్యారియర్ల గలగలలో
మూడు ఆకుపచ్చ వెలుగులు,
ఎవరో మెలకువగా కూర్చున్నట్టు.

ఇలియాస్ కోసిన కన్నానికి
రబ్బరు మూత ఒకటి ఇచ్చాడు. సొరుగులో ఉంది.
మొన్న పార్కింగు చిల్లర తీస్తుంటే
ఐదు రూపాయల బిళ్ళ అందులోకి జారింది.
మలుపు తిరిగినప్పుడల్లా
ఎక్కడో లోపల దొర్లుతుంది.
అదెక్కడుందో చూపించే మీటరు
పుదుపేటలో కూడా లేదట.
అడిగాను.